చాలుకు దీర్ఘం

యిర్మియా తన జీవితంలో ఒక్క పనిముట్టు కూడా కొని ఎరగడు. ఇది పిసినారితనం కాదు, సిద్ధాంతం. ఉద్యోగం చేసినంత కాలం ఆయన పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక ప్రభుత్వ శాఖకి స్టోర్‌కీపరుగా ఉన్నాడు. ఆ కుర్చీలోంచి చిన్నా పెద్దా తేడా లేకుండా అందరికీ ఆయన చెప్పిన మాట ఒక్కటే: "స్టాకు లేదు. షిప్‌లో వస్తుంది." ఈ ద్వీపాల్లో మేకు దగ్గర్నుంచి ఉల్లిపాయ దాకా అన్నీ మెయిన్‌ల్యాండ్ నుంచి రావలసినవే. వస్తుంది అన్నదానికీ వచ్చింది అన్నదానికీ మధ్య మనిషి ఎలాగోలా బతకాలి. ఆ మధ్యకాలాన్నే యిర్మియా తన రాజ్యంగా చేసుకున్నాడు.

ఆ రాజ్యంలో విరిగిన గొడుగు ఊచలు టీవీ యాంటెన్నా అయ్యాయి. సైకిలు ట్యూబు ముక్క కుళాయికి వాషరయింది. చర్చి హార్మోనియంలో ఊడిపోయిన మెట్టు స్థానంలో పళ్లు తోముకునే బ్రష్షు పిడి అమరింది. ఆ స్వరం వచ్చినప్పుడల్లా పాటలో కొంచెం పుదీనా వాసన తగులుతోందని గిట్టనివాళ్లు అన్నారు గానీ, పాట ఆగిన దాఖలా లేదు.

పనిముట్ల తరవాత ఆయనకి ప్రాణం తెలుగు. డెలానీపూర్‌లో వాళ్ల సంఘం పిల్లలకి ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన అక్షరాలు నేర్పేవాడు. ఆ పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు మాట్లాడతారు. మూడూ కలిపి ఒకే వాక్యంలో మాట్లాడమన్నా మాట్లాడతారు. తెలుగు రాయమంటే మాత్రం దీర్ఘాలన్నీ దారిలో రాలిపోతాయి. యిర్మియా అన్నిట్లోనూ సర్దుకుపోయే మనిషే గానీ హ్రస్వదీర్ఘాల దగ్గర కొరకరాని కొయ్య. ఎవరైనా 'దెవుడు' అని రాస్తే ఎర్ర పెన్ను మూత తీసి, "దీర్ఘం లేని దేవుణ్ణి నేనెరగను" అనేవాడు గంభీరంగా.

టైటస్ బస్సుల గ్యారేజీలో మెకానిక్కు. లంబాలైన్‌లో ఎయిర్‌పోర్టు గోడకి ఆనుకున్నట్టుండే ఇల్లు. సంఘం పాటల గుంపులో ఇద్దరిదీ ఒకటే బెంచీ. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరు "బావా" అని పిలుచుకునేవాళ్లు. టైటస్ సిద్ధాంతం యిర్మియా సిద్ధాంతానికి సరిగ్గా ఎదురు: ప్రతి పనికీ ఒక పనిముట్టుంటుంది, ఆ పని దానితోనే చెయ్యాలి. ఆయన ఇంటి గోడమీద ఒక్కో పానాకీ ఒక్కో మేకు, మేకు చుట్టూ ఆ పానా ఆకారం పెన్సిలుతో గీసి ఉండేది. పానా లేకపోతే దాని ఆత్మ కనిపించేది.

"కొన్న సామానుతో ఎవడైనా చేస్తాడు బావా" అనేవాడు యిర్మియా.

"చేస్తాడు. అందుకే ఆ బండి నడుస్తుంది" అనేవాడు టైటస్.

ఈ వాదన మీద వాళ్ల స్నేహం ఏళ్ల తరబడి హాయిగా సాగింది. దాన్ని చెడగొట్టింది సిద్ధాంతం కాదు, ఒక దీర్ఘం.

సంఘానికి అప్పట్లో ఒక పాత వ్యాను ఉండేది. దానికి కొత్తగా రంగు వేయించి, ముందు చక్రం పైభాగాన 'ఐక్య తెలుగు సహవాసం' అని నీలం అక్షరాలు రాయించారు. ఆ మర్నాడే బ్రేకు పట్టేస్తోందని బావలిద్దరూ దాని పని పట్టారు. యిర్మియా చక్రం విప్పి కింద కూర్చున్నాడు, టైటస్ డ్రైవరు సీట్లో. బ్రేకు ప్యాడ్లని చక్రం డిస్కు మీదికి నొక్కే గుండ్రటి ఇనప ముక్క ఒకటుంటుంది, పిస్టన్ అంటారు. దాని తుప్పు తుడవాలంటే పెడల్ మెల్లగా తొక్కి, దాన్ని కాస్త బయటికి రానివ్వాలి. కాస్తే. అంతకు మించితే ఊడి కింద పడుతుంది, వెనకాలే బ్రేక్ ఆయిల్ చిమ్ముతుంది. బ్రేక్ ఆయిల్‌కీ రంగుకీ బొత్తిగా పడదు. తగిలిన చోటల్లా ఒలిచేస్తుంది.

పిస్టన్ కావలసినంత వచ్చింది. యిర్మియా "చాలు!" అని అరిచాడు. టైటస్ ఇంకా తొక్కాడు. "చాలు, చాలు!" అని అరిచాడు. టైటస్ ఇంకా ఉత్సాహంగా తొక్కాడు.

తెలుగులో చాలు అంటే ఆపమని. హిందీలో చాలూ అంటే నడవనీ, ఆపొద్దని. మధ్య తేడా ఒక్క దీర్ఘం. వీధి దాటినంత తేలిగ్గా ఒక భాషలోంచి ఇంకో భాషలోకి జనం దాటే ఊళ్లో ఈ రెండు మాటలూ అంతకాలం గుద్దుకోకుండా ఉండటమే వింత.

ఆయిల్ సరిగ్గా ఆ నీలం అక్షరాల మీద పడింది. తుడిచేసరికి 'ఐక్య' ఊడిపోయి 'తెలుగు సహవాసం' మిగిలింది. తరవాత జరిగినదాన్ని బట్టి చూస్తే ఆ బోర్డు అంత నిజం ఎప్పుడూ చెప్పలేదు.

"చాలు అంటుంటే వినపడలేదా?" అన్నాడు యిర్మియా.

"చాలూ అన్నావు కదా, అందుకే తొక్కాను" అన్నాడు టైటస్.

"చాలు అన్నాను."

"దీర్ఘం తీశావు బావా."

వాళ్ల స్నేహం అక్కడే ఆగిపోయింది. చేతకాదన్నా, మొద్దువన్నా యిర్మియా నవ్వేసేవాడు. కానీ దీర్ఘం తీశావనడం! ఎర్ర పెన్ను పట్టుకున్నవాణ్ణి పట్టుకుని దీర్ఘం తీశావనడం! పిల్లలు కూడా వింటుండగా!

సంఘం రెండుగా చీలింది. మెయిన్‌ల్యాండ్‌లో పుట్టినవాళ్లు మాట తెలుగే అన్నారు, ద్వీపాల్లో పుట్టినవాళ్లు హిందీయే అన్నారు. పాస్టరుగారు ఇద్దర్నీ బలిపీఠం ముందుకి పిలిచి చేతులు కలిపించారు. ఇద్దరూ విధేయులు. "వందనాలు బ్రదర్" అన్నాడు యిర్మియా. "వందనాలు బ్రదర్" అన్నాడు టైటస్. సంఘమంతా సంతోషించింది. వాళ్లిద్దరికి మాత్రం తెలుసు, బావ పోయి బ్రదర్ వచ్చాడంటే ఇంటికి తాళం పడిందని.

ఆ తరవాత ఎన్ని క్రిస్మస్‌లు వచ్చాయో, అన్ని వందనాలు జరిగాయి. వ్యాను తుక్కుకి వెళ్లింది. ఆ పాస్టరుగారు బదిలీ అయ్యారు. ఇద్దరూ రిటైరయ్యారు. దీర్ఘం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఈమధ్య ఒక ఆదివారం కొత్త పాస్టరుగారు ప్రకటనల్లో, పాటల ప్రాక్టీసుకీ పాత బట్టల సేకరణకీ నడుమ, ఒక మాట చదివారు: బ్రదర్ టైటస్, సిస్టర్ జూడీ లంబాలైన్ ఇల్లు అమ్మి వైజాగ్ వెళ్లిపోతున్నారు, సిస్టర్ జూడీకి అక్కడ వైద్యం, ఇక అక్కడే ఉంటారు, వారి సముద్ర ప్రయాణం కోసం ప్రార్థించండి. యిర్మియా కళ్లు మూసుకుని ప్రార్థించాడు. అందరితో పాటు ఆ సంగతి తనకీ మైకులోంచి తెలిసిందన్న ముక్క ఆ ప్రార్థనలో ఎక్కడా ఇమడలేదు.

ఇంటికి రాగానే ఆయన భార్య వెరోనికా అంది, "వెళ్లి మాట్లాడండి."

"ఏం మాట్లాడను?"

"మన కారు వెనక బ్రేకులు అరుస్తున్నాయి కదా. ఆయన దగ్గర ఆ పిస్టన్ తిప్పే సామాను డబ్బా ఉంది కదా. అది అడగండి. అది అడిగితే మిగతా మాటలు వాటంతటవే వస్తాయి."

"అది లేకుండా నేను చెయ్యలేననా నీ ఉద్దేశం?"

"అరే బాబా! మీరు చెయ్యలేరని ఎవరన్నారు? చెయ్యొద్దు అంటున్నా."

వెరోనికా ఈ ద్వీపాల్లోనే, వండూర్‌లో పుట్టింది. బళ్లో చదివిందంతా హిందీలోనే. తెలుగు రాయడం ఆవిడకి అంతంత మాత్రం. కానీ మనుషుల్ని ఎక్కడ పట్టుకుని తిప్పాలో ఆవిడకి తెలిసినంత యిర్మియాకి తెలీదు.

ఆ వారమంతా యిర్మియా ఏదో ఒక వంకతో లంబాలైన్ మీదుగా వెళ్లాడు. అరిగిపోయిన ప్యాడ్లు డిస్కుని గీరుతూ కీచుమని కూత పెట్టేవి. టైటస్ ఇంటి ముందు మలుపులో ఆ కూత మరీ ఎక్కువ. వెళ్లిన ప్రతిసారీ ఆపుదామనుకున్నాడు. ఆపి, "వందనాలు బ్రదర్, మీ సామాను ఒకసారి ఇస్తారా" అనాలి. ఆ వాక్యం నోట్లో పట్టేది కాదు. మలుపు దాటిపోయేది.

దాని బదులు ఆయన ఒక మహత్తరమైన పథకం వేశాడు. టైటస్ ఎయిర్‌పోర్టు గోడ పక్కనే కాపురం ఉండి, ఇన్నేళ్లూ నెత్తిమీద విమానాల చప్పుడు విని విని వాటిమీద నమ్మకం పోగొట్టుకున్న మనిషి. అందుకే వైజాగ్ కూడా షిప్‌లోనే వెళ్తున్నాడు. హడ్డో జెట్టీ దాకా సామానుతో వెళ్లాలి. ఆ రోజు యిర్మియా కారు ఏ చప్పుడూ లేకుండా వచ్చి ఆ గేటు ముందు ఆగుతుంది. పెట్టెలు ఎక్కిస్తాడు. మొదటి పల్లంలో బ్రేకు నొక్కుతాడు. కూత రాదు. టైటస్ చెవి చూస్తూ ఊరుకోదు కదా. "ఏ సామానుతో చేశావు బావా?" అంటాడు. అంతే. ఒక్క క్షమాపణ కూడా ఖర్చవకుండా అంతా సర్దుకుపోతుంది.

ఈ పథకంలో లోపం ఒకటే. కొత్త ప్యాడ్లు మెయిన్‌ల్యాండ్ నుంచి రావాలి. అవి ప్రయాణానికి ముందురోజు గానీ చేరలేదు.

షిప్ మధ్యాహ్నం. పొద్దున్నే యిర్మియా పెరట్లో కారుకి జాకీ పెట్టి వెనక చక్రం ఊడదీశాడు. పాత ప్యాడ్లు తమలపాకుల్లా ఉన్నాయి. కొత్తవి మందం. అవి పట్టాలంటే బయటికొచ్చి కూర్చున్న పిస్టన్ని మళ్లీ లోపలికి పంపాలి. వడ్రంగి వాడే సి క్లాంపు పెట్టి బిగించాడు. కదల్లేదు. ఇంకా బిగించాడు. క్లాంపు వంగింది, పిస్టన్ వంగలేదు. అప్పుడు ఎప్పటిదో టైటస్ మాట గుర్తొచ్చింది: "ముందు చక్రం పిస్టన్ నొక్కితే లోపలికి పోతుంది బావా. వెనకదానికి హ్యాండ్‌బ్రేకు మర తగిలించి ఉంటుంది, తిప్పుతూ నొక్కాలి. మీ ఇంట్లో కత్తెరతో అయ్యే పని కాదు."

ఆ చివరి వాక్యం గుర్తొచ్చాక కత్తెరతో మొదలుపెట్టక తప్పదు. పిస్టన్ ముఖం మీద రెండు గాట్లున్నాయి. కత్తెర మొనలు వాటిలో పెట్టి తిప్పాడు. జారి వేలు గీరుకుంది. కిటికీ బందు ఊడదీసి, దానికి రెండు మేకులు దిగ్గొట్టి తిప్పాడు. తిరిగింది గానీ, తిప్పుతుంటే నొక్కడానికి మూడో చెయ్యి కావలసి వచ్చింది. తిప్పుతూ నొక్కాలి, నొక్కుతూ తిప్పాలి. అలాంటి వస్తువు ప్రపంచంలో ఏముందని ఆలోచిస్తూ ఆయన మంచినీళ్లకి వంటింట్లోకి వెళ్లాడు. అరమీద ఇత్తడి జంతికల గొట్టం తళతళలాడుతోంది. పైన మర తిప్పితే లోపల బిళ్ల తిరుగుతూ కిందికి నొక్కే రకం.

"వద్దు" అంది వెరోనికా, ఆయన చూపు ఎటు పోయిందో చూసి.

"ఒక్క గంట."

"అది మా అమ్మది. ప్రతి క్రిస్మస్‌కీ మీరు కరకరలాడించేవి దాంట్లోవే."

"తెలుసు. అందుకే దాని సామర్థ్యం మీద నాకంత నమ్మకం."

"ఏవండీ, ఆటోలో వెళ్దాం పదండి. మనిషి వెళ్లిపోతున్నాడు, మీరు జంతికల గొట్టం పట్టుకున్నారు."

"చేతులూపుకుంటూ వెళ్లి నిలబడనా?"

"నిలబడండి. నిలబడితే ఏమైంది?"

యిర్మియా చేతులు అప్పటికే పనిలో పడ్డాయి. గొట్టాన్ని వదిలి, మర ఉన్న మూతని మాత్రం తీసుకుని, బ్రేకు సందులో పట్టేంత సన్నగా రంపంతో కోశాడు. బిళ్లకి రెండు రివిట్లు కొట్టి, అవి పిస్టన్ గాట్లలో కూర్చునేలా పెట్టాడు. పిడి పట్టుకుని తిప్పాడు. పిస్టన్ మూలుగుతూ, తిరుగుతూ, మర్యాదగా లోపలికి వెళ్లిపోయింది. యిర్మియా కాసేపు అలా కూర్చుండిపోయాడు. ఆయన మొహంలో, పెద్ద యుద్ధం గెలిచి ఆ సంగతి చెప్పుకోడానికి ఎవరూ దొరకని సేనాపతి కళ ఉంది. చెప్పుకోవలసిన మనిషి లంబాలైన్‌లో పెట్టెలకి తాళ్లు కడుతున్నాడు.

ఒక చక్రం అయింది. రెండోదాని పిస్టన్ ఉప్పుగాలికి తుప్పు పట్టి బిగుసుకుంది. కాస్త బయటికి రప్పించి తుడిస్తే గానీ తిరిగేలా లేదు. "వెరోనికా, ఒక్కసారి కార్లో కూర్చుని బ్రేకు మెల్లగా తొక్కు" అని, తను కారు కింద తల పెట్టాడు.

ఆవిడ తొక్కింది. పిస్టన్ జరిగింది. చాలినంత వచ్చింది.

ఆయన అరిచాడు. ఆవిడ తొక్కింది. మళ్లీ అరిచాడు. ఆవిడ ఇంకా గట్టిగా తొక్కింది. పిస్టన్ టక్కున ఊడి సిమెంటు మీద దొర్లింది. ఆయిల్ ఆయన చొక్కా మీదంతా చిమ్మింది.

"చాలు చాలు అంటుంటే!" అని యిర్మియా బయటికి పాక్కుంటూ వచ్చాడు.

"మీరే కదా చాలూ అన్నారు!" అంది వెరోనికా కార్లోంచి.

"చాలు అన్నాను."

"లేదండీ. చాలూ... అన్నారు. ఇదిగో, ఇంత పొడుగు" అని ఆవిడ రెండు చేతులూ చాపి చూపించింది. "చాలూ రఖో, ఆపొద్దు అన్నట్టే వినపడింది."

"నేను దీర్ఘం తీయను."

"కారు కింద దూరి అరిస్తే ఎవరికైనా వస్తుంది. దీర్ఘం మీరు తీయక్కర్లేదు, అదే వస్తుంది."

యిర్మియా మెల్లగా, క్లాసులో చెప్పినట్టు, "చాలు" అన్నాడు. హ్రస్వం. నిఖార్సయిన హ్రస్వం. తరవాత తల మళ్లీ చక్రం దగ్గరికి వంచి, పెడల్ దాకా వినపడేలా అరిచాడు. "చాలూ!" ఇంకోసారి అరిచాడు. పక్కింటి కిటికీ తెరుచుకుంది. ఎన్ని రకాలుగా అరిచినా చివర ఆ ఉకారం, పల్లంలో వదిలేసిన బండిలా, దానిమటుకది సాగిపోతూనే ఉంది. ఎర్ర పెన్నుతో దాన్ని ఆపడం ఆయన తరం కాలేదు.

క్లాసులో ఆయన ఎప్పుడూ అరవలేదు. అందుకే ఇన్నేళ్లూ తెలీలేదు. ఆ రోజు టైటస్ చెప్పిన పని చెప్పినట్టు చేశాడు. తొక్కమంటే తొక్కాడు. అంతే.

యిర్మియా ఆయిల్ చొక్కాతో నేలమీద కూలబడ్డాడు. "వాడు కరెక్టే వెరోనికా" అన్నాడు.

"సరే, ఇప్పటికైనా తెలిసింది కదా. ఆ మాటే వెళ్లి చెప్పండి. ఆటో పిలుస్తా."

అప్పుడు ఆయన వెళ్లి ఉంటే ఈ కథ ఇక్కడితో, నవ్వులతో, ముగిసేది. వెళ్దామని లేచాడు కూడా. కానీ ఊడిన పిస్టన్ కేసి చూశాడు. మూడు చక్రాల మీద ఒరిగిన కారు కేసి చూశాడు. తప్పు ఒప్పుకోడానికి వెళ్తున్నవాడు కనీసం బ్రేకులున్న కార్లోనైనా వెళ్లాలనిపించింది. వట్టి చేతులతో, వట్టి మాటతో వెళ్లడం ఆయనకి జీవితంలో అలవాటు లేదు. పైగా షిప్‌లు చెప్పిన టైముకి కదలవని ఆ వూళ్లో ఎవర్నడిగినా చెబుతారు.

"త్వరగా బిగించేస్తా" అన్నాడు.

వెరోనికా ఆయన వంక చూసి, వెళ్లి మళ్లీ డ్రైవరు సీట్లో కూర్చుంది. గొట్టం మూత తన పని తను చేసింది. బ్రేకు ఆయిల్ గొట్టాల్లో చేరిన గాలి తీయడానికి మళ్లీ పెడల్ తొక్కాలి, ఆపాలి. ఈసారి యిర్మియా భాషనే వదిలేశాడు. పానాతో చక్రం మీద ఒకసారి కొడితే తొక్కు, రెండుసార్లు కొడితే ఆపు. ఆ పద్ధతి ఎంత చక్కగా పని చేసిందంటే, ఆయనకి ఏడుపొచ్చినంత పనయింది. ఆనాడు వ్యాను దగ్గర కూడా పానా చేతిలోనే ఉంది.

బయల్దేరేసరికి ఎండ పడమరకి వాలింది. మొదటి పల్లంలో బ్రేకు నొక్కాడు. కూత లేదు. చక్రాలు పరుపు మీద ఆగినట్టు ఆగాయి. వెరోనికా మెచ్చుకోలేదు.

లంబాలైన్‌లో టైటస్ ఇంటి గేటుకి గొలుసు వేసి ఉంది. అరుగు మీద ఒక ప్లాస్టిక్ కుర్చీ మాత్రం ఉంది. పక్కింటి గోడ మీదుగా అప్పలకొండ తొంగి చూసింది. ఆవిడ మొగుడు చేపల పడవ మీద పోతాడు. వాళ్లది శ్రీకాకుళం వైపు.

"ఎల్లిపోనారు బాబూ. ఆటో వచ్చీసింది, ఎల్లిపోనారు" అంది. "నువ్వేనా ఆ కూతల కారు బాబువి?"

"నేనే."

"ఏదీ, కూత ఇనపళ్లేదే ఈ రోజు?"

"బాగు చేశాను."

"అయ్యో! ఇంకొన్నాళ్లు ఆగి సేసుకోవల్సింది బాబూ." ఆవిడ లోపలికెళ్లి పాత తువ్వాల్లో చుట్టిన నీలం డబ్బా తెచ్చి గోడ మీద పెట్టింది. "ఇది నీకిమ్మన్నాడు. వారం నించీ దీన్ని ఒళ్లో ఎట్టుకుని ఈ కుర్సీలో కూకున్నాడు. అల్లంత దూరాన నీ కారు కూత ఇనపడితే సాలు, 'ఇదిగో, మా బావ వచ్చేస్తన్నాడు, వెనక ప్యాడ్లు పోనాయి, దీనికోసం రాక సస్తాడా' అనీవోడు. నువ్వేమో ఆగీవోడివి కాదు. రేపొస్తాడులే అనీవోడు."

యిర్మియా డబ్బా పట్టుకున్నాడు. బరువుగా ఉంది.

"ఈ పొద్దు కూడా ఆటో వోణ్ణి నిలబెట్టీసినాడు. కూత ఇనపడతాదేమో సూద్దారి అన్నాడు. ఆవిడ కేకలేసింది, షిప్ ఎల్లిపోతాదని. సివరాకరికి ఇంక రాడులే అని ఎక్కీసినాడు."

"మా బావ అన్నాడా?" అన్నాడు యిర్మియా.

"ఆఁ. నువ్వు బావవి కాదా మరి?"

హడ్డో చేరేసరికి, ఆ వూరి చరిత్రలో అరుదుగా జరిగే సంఘటన జరిగిపోయింది. షిప్ చెప్పిన టైముకి కదిలింది. గేటు బయట కమ్మీల సందులోంచి చూస్తే తెల్లగా, తాపీగా, దూరమవుతోంది. డెక్కు మీద జనం చీమల్లా ఉన్నారు. అందులో ఏ చీమ టైటసో తెలీదు.

వెరోనికా ఫోను కలిపి ఆయన చేతిలో పెట్టింది. అవతల మోగింది. ఎత్తారు. గాలి హోరు, షిప్ కూత, జనం గోల.

"హలో, ఎవరూ?"

"బావా! నేను, యిర్మియాని!"

"బావా!" అన్నాడు టైటస్.

"బావా, ఆ రోజు వ్యాను దగ్గర... నేను చాలూ అన్నాను!"

"ఆఁ? ఏంటీ?"

"చాలూ! చాలూ అన్నాను నేను! దీర్ఘం!"

"చాలు అన్నావా?"

"కాదు బావా! చాలూ!"

షిప్ మళ్లీ కూసింది. అది ఆగాక టైటస్ గొంతు అలిసిపోయినట్టు, ప్రేమగా వినపడింది. "సరే బావా. నువ్వు చాలు అన్నావు. నేనే తప్పు విన్నాను. తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. ఇంక దాన్ని వదిలేద్దాం. సరేనా? డబ్బా అందిందా?"

"బావా, నేను చెప్పేది..."

లైను తెగింది. మళ్లీ కలిపితే కలవలేదు. సిగ్నల్ ఒడ్డునే ఆగిపోయింది, షిప్ వెళ్లిపోయింది.

ఇన్నేళ్లుగా యిర్మియా ఏ మాట కోసం బిగదీసుకుని కూర్చున్నాడో ఆ మాట అక్షరం పొల్లుపోకుండా ఆయన చేతికి వచ్చింది. పుచ్చుకోడానికి వీల్లేని రోజు చూసుకుని వచ్చింది.

షిప్ వైజాగ్ చేరాక టైటసే ఫోన్ చేశాడు. ఇల్లు బాగుందన్నాడు, జూడీకి డాక్టరు దొరికాడన్నాడు, నెత్తిమీద విమానాలు లేక నిద్ర పట్టడం లేదన్నాడు. ప్రతి వాక్యానికీ బావా, బావా అన్నాడు. యిర్మియా గొంతు సవరించుకుని, "బావా, ఆ వ్యాను సంగతి..." అన్నాడు.

"చాలు బావా! ఇంక ఆ మాట ఎత్తకు. నేను ఒప్పుకున్నాను కదా" అన్నాడు టైటస్. చాలు అన్నది స్పష్టంగా హ్రస్వమే. దానికి రెండో అర్థం లేదు.

అప్పట్నుంచీ నెలకో రెన్నెల్లకో మాట్లాడుకుంటూనే ఉన్నారు. యిర్మియా ఒకటి రెండుసార్లు ప్రయత్నించి మానేశాడు. ఆ ముక్క ఎదురుగా కూర్చుని చెప్పాలి. కారు కింద దూరి అరిచి చూపించాలి. అరుపులో హ్రస్వం ఎలా దీర్ఘమవుతుందో ఫోనులో తేలదు. టైటస్ తనది కాని తప్పుని అలా మోస్తూ అవతలి ఒడ్డున హాయిగా ఉన్నాడు. ఇవతలివాడికే మనశ్శాంతి లేదు.

ఆదివారం క్లాసు జరుగుతోంది. ఎవరైనా దీర్ఘం మింగినా, లేనిచోట తీసినా ఆయన ఎర్ర పెన్ను పైకెత్తుతాడు, నోటుపుస్తకం మీద కాసేపు పట్టుకుంటాడు, మూత పెట్టేస్తాడు. మాస్టారికి చూపు మందగించిందని పిల్లలు అనుకుంటున్నారు. ఆ క్రిస్మస్‌కి వాళ్లింట్లో జంతికలు లేవు. వెరోనికా ఆ మూతని రివిట్లతో సహా గొట్టం పక్కనే అరమీద పెట్టింది. పారేయలేదు.

నీలం డబ్బా ముందుగదిలో బల్ల మీద ఉంటుంది. లోపల ఒక్కో బిళ్లకీ ఒక్కో గుంట, ఎక్కడిదక్కడ. ఎప్పుడైనా యిర్మియా దాన్ని తెరిచి, మర ఒకసారి తిప్పి చూసి, మూసేస్తాడు. దాన్ని వాడి, వాడానని చెప్పాలని ఆయన కోరిక. కానీ ప్యాడ్లు అరగాలి. ఈ చివర్నుంచి ఆ చివరకి పోతే సముద్రం అడ్డొచ్చే ఊళ్లో ప్యాడ్లు ఎప్పటికి అరగాలి?

అందుకని ఆయన ఈమధ్య అవసరం ఉన్నా లేకపోయినా బ్రేకులు తొక్కుతున్నాడు. "రోడ్డు ఖాళీగా ఉంటే ఎందుకండీ ఆ తొక్కుడు?" అంటుంది వెరోనికా. "ముందు జాగ్రత్త" అంటాడు.

లంబాలైన్ మలుపులో మాత్రం బాగా గట్టిగా తొక్కి, అద్దం దించి, చెవి పెట్టి వింటాడు. ఆ అరుగు మీద ఇప్పుడు ఎవరివో కొత్తవాళ్ల బట్టలు ఆరుతుంటాయి. బ్రేకు కూయదు. పని అంత బాగా చేశాడు.